జమా–ఖర్చు: అప్పు మనదే, మర్యాదా మనదే

ఎలాంటి ఊళ్ళో కాపురముండాలో చెప్పిన మన శతకకారుడు అప్పిచ్చేవాణ్ణీ, వైద్యుణ్ణీ పక్కపక్కనే కూర్చోబెట్టాడు. ఆయన కాలంలో వాళ్ళిద్దరి వాకిళ్ళూ వేరు. ఇప్పుడు కొన్ని పెద్ద ఆసుపత్రుల్లో బిల్లు కట్టే కౌంటరు పక్కనే అప్పు ఇప్పించేవారి బల్ల కూడా ఉంటోంది. జబ్బు నయమై ఇంటికి వచ్చాక వైద్యుడు మనల్ని మరచిపోతాడు. అప్పిచ్చినవాడు మాత్రం రోజూ గుర్తు చేస్తూనే ఉంటాడు, అదీ ఫోనులో!

గత సంచికలో నామినేషన్ గురించి రాసిన తరువాత పాఠకులు చాలామంది ఉత్తరాల్లోనూ, పెళ్ళి పందిళ్ళలో కలిసినప్పుడూ అడిగినది ఈ ఫోన్ల సంగతే. “ఆసుపత్రి కోసం తెచ్చిన అప్పు సార్, కంతు రెండు నెలలు తప్పింది, ఫోను మోగితే గుండె దడ వస్తోంది, ఏం చెయ్యమంటారు?” అని. అందుకని ఈసారి వడ్డీ రేట్లూ, డిపాజిట్లూ పక్కన పెట్టి ఈ విషయమే మాట్లాడుకుందాం.

ముందు మన ఊరి సంగతి. చాంపియన్ రీఫ్స్‌లోని గని ఆసుపత్రి బాగా నడిచినన్నాళ్ళూ గని కార్మికుల కుటుంబాలకు ఆసుపత్రి బిల్లు బెడద ఉండేది కాదు. 2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్స్ మూతపడింది. జీతాలతో పాటు ఆ నీడ కూడా పోయింది. ఇప్పుడు పెద్ద జబ్బు వస్తే కోలారు దగ్గర టమకకో, కుప్పానికో, లేకపోతే బెంగళూరుకో పరుగెత్తాలి. ఒకనాడు భూమిలోంచి బంగారం తవ్వి తీసినవారి పిల్లలు ఇవాళ ఆసుపత్రి బిల్లు కోసం మెడలోని బంగారాన్ని రాబర్ట్‌సన్‌పేట బజారులో కుదువ పెడుతున్నారు. అదీ చాలకపోతే పర్సనల్ లోను, క్రెడిట్ కార్డు, ఫోనులో దొరికే యాప్ అప్పు, చివరికి మీటర్ వడ్డీ.

మన దేశంలో ఆసుపత్రివారు బాకీ కోసం ఫోను చేయడం తక్కువ. డిశ్చార్జికి ముందే బిల్లు కట్టించుకుంటారు కదా! అందువల్ల వైద్యం బాకీ ఇంటికి వచ్చేసరికి వేషం మార్చుకుని వస్తుంది. ఫోను చేసే కుర్రవాడి ముందున్న జాబితాలో మీ ఆపరేషను ఉండదు, మీరు మేలుకున్న రాత్రులు ఉండవు. ఒక అప్పు నంబరు, కట్టవలసిన మొత్తం, తప్పిన రోజుల లెక్క, అంతే ఉంటాయి.

ఆ రోజుల లెక్క ఏమిటో తెలిస్తే సగం భయం పోతుంది. కంతు తప్పి 30 రోజుల లోపు అయితే బ్యాంకు లెక్కలో ఒక మెట్టు, 60 వరకు రెండవ మెట్టు, 90 వరకు మూడవ మెట్టు. 90 రోజులు దాటితే ఆ అప్పు మొండి బాకీల పద్దులోకి పోతుంది. అప్పుడు బ్యాంకు తన లాభంలోంచి కొంత సొమ్ము విడిగా తీసి పెట్టుకోవాలి. అందుకే 90వ రోజు దగ్గరపడేకొద్దీ ఫోన్లు పెరుగుతాయి. వసూలు పని బయటి ఏజెన్సీకి అప్పగిస్తే, వసూలైన దానిమీద ఆ ఏజెన్సీకి కమీషన్ వస్తుంది. ఫోను చేసేవాడూ మనలాంటి ఇంటి పిల్లవాడే కావచ్చు. నెలాఖరుకు ఇంత వసూలు చూపించకపోతే వాడి ఉద్యోగమూ కష్టమే. కాబట్టి వాడిమీద కోపం పెట్టుకుని లాభం లేదు. అయితే వాడికి లొంగి తప్పు పని చెయ్యనవసరమూ లేదు.

వాడి చేతిలో ఉన్న ఆయుధం ఒక్కటే. మన ఊళ్ళో మూడు భాషలు వినిపిస్తాయి. తెలుగులో మర్యాద అంటాం, కన్నడంలో మర్యాదె, తమిళంలో మరియాదై. మూడిళ్ళలోనూ ఆ మాట ఒక్కటే, దానికి పడే భయమూ ఒక్కటే. వసూలు ఫోను పట్టుకునేది సరిగ్గా దాన్నే. “మీ మేనేజరుకు చెబుతాం, మీ వియ్యాలవారికి చెబుతాం, ఇంటిముందుకు మనుషులను పంపుతాం” అంటారు. డబ్బు లేనివాడికి డబ్బు అడిగితే భయం వెయ్యదు, లేదంటాడు. పరువు పోతుందంటే మాత్రం వణికిపోతాడు.

నాకు తెలిసిన ఒకాయన కథ చెబుతాను. పేరు అవసరం లేదు. తెల్లవారుజామునే మారికుప్పం రైలెక్కి బెంగళూరు పోయి, రాత్రికి తిరిగి వచ్చే వందలాది మందిలో ఆయన ఒకరు. భార్యకు ఆపరేషను అయినప్పుడు ఇన్సూరెన్సు పోగా మిగిలిన బిల్లుకు ఒక ఫైనాన్స్ కంపెనీలో 1,80,000 రూపాయలు తీసుకున్నారు. వడ్డీ 18 శాతం, 36 కంతులు, నెలకు 6,508 రూపాయలు. తొమ్మిది కంతులు తప్పకుండా కట్టారు. తరువాత ఆయన పనిచేసే చోట పని తగ్గి రెండు కంతులు తప్పాయి. ఇక ఫోన్లు మొదలు. రైల్లో ఉన్నప్పుడు, పనిలో ఉన్నప్పుడు, రాత్రి అన్నం ముందు కూర్చున్నప్పుడు. ఒకనాడు ఆయన ఫోను ఎత్తలేదని, ఇంకా నీరసంగా పడుకుని ఉన్న ఆయన భార్యకు చేశారు. “ఆసుపత్రికి డబ్బుంది గానీ మాకు కట్టడానికి లేదా అమ్మా?” అన్నారట. ఆ తల్లి ఆరోజు నుంచి మందులు కొనవద్దంటోంది.

ఆయన మా ఇంటికి వచ్చి అన్న మాట ఇది: “సార్, నేను కట్టనని ఎప్పుడూ అనలేదు. రాత్రి తొమ్మిదిన్నరకు గూడా చేస్తా ఉండారు. నిన్న మా మేస్త్రీకి చేసినారు. పాపకు సంబంధం చూస్తా ఉండాము, వాళ్ళ ఫోను నంబరు గూడా కనుక్కుంటామంటారు. ఈ యాప్‌లో ఇరవై వేలు తీసి పారేసి నోరు మూపిస్తే పోదా?”

“ఆ యాప్ మాత్రం ముట్టుకోవద్దయ్యా, ముందు ఆ కాగితాలు తీసుకురా” అన్నాను. మీకూ మొదట చెప్పేది అదే. ఒక ఫోను నోరు మూయించడానికి ఇంకొక అప్పు చేస్తే రెండు ఫోన్లు మోగుతాయి.

ఇప్పుడు రూలు ఏమిటో చూద్దాం. వసూలు ఏజెంట్ల గురించి రిజర్వ్ బ్యాంక్ 2008 ఏప్రిల్‌లోనే బ్యాంకులకు వివరమైన ఉత్తర్వు ఇచ్చింది. ఏ ఏజెన్సీకి మీ ఖాతా అప్పగించారో మీకు ముందుగా తెలపాలి. ఇంటికి వచ్చే మనిషి దగ్గర గుర్తింపు కార్డు, అధికార పత్రం ఉండాలి. వసూలు కోసం రౌడీలను పంపడం తగదని సుప్రీంకోర్టు 2007లో ఒక బ్యాంకు కేసులో గట్టిగానే చెప్పింది. తరువాత 2022 ఆగస్టు 12న రిజర్వ్ బ్యాంక్ బ్యాంకులకూ, ఫైనాన్స్ కంపెనీలకూ మరింత స్పష్టంగా చెప్పింది: ఉదయం 8 గంటలకు ముందు, సాయంత్రం 7 తరువాత వసూలు ఫోన్లు చేయకూడదు. మైక్రోఫైనాన్స్ అప్పులకైతే ఉదయం 9 నుంచి సాయంత్రం 6 వరకే. పదే పదే ఫోను చేసి సతాయించకూడదు. బెదిరించకూడదు, పేరు చెప్పకుండా మాట్లాడకూడదు, అబద్ధాలు చెప్పకూడదు. నలుగురిలో అవమానించడం, ఇంటివాళ్ళ జోలికీ, స్నేహితుల జోలికీ, రెఫరెన్సు ఇచ్చినవాళ్ళ జోలికీ పోవడం కూడదు. ఏజెంటు చేసిన తప్పుకు పూచీ అప్పిచ్చిన సంస్థదే.

ఈ రూళ్ళు బాకీని చెరిపెయ్యవు, సోదరులారా. అది గుర్తుంచుకోవాలి. అప్పు తీసుకున్నాం, తీర్చాలి. కానీ తీర్చవలసినది డబ్బు మాత్రమే. తిట్లు పడటం కంతులో భాగమని ఏ ఒప్పందంలోనూ రాసి లేదు.

ఇక చెయ్యవలసిన పని వరుసగా చెబుతాను.

మొదటిది, ఫోను ఒకసారి ఎత్తండి. దాక్కుంటే ఆ ఫోను మీ ఇంట్లోవాళ్ళకు పోతుంది. ఎత్తి నాలుగు ప్రశ్నలే అడగండి: మీ పేరేమిటి, ఏ ఏజెన్సీ, ఎవరి తరఫున, బాకీ ఎంత? “వివరాలన్నీ రాతలో పంపండి, నా సమాధానం కూడా రాతలోనే ఇస్తాను” అని పెట్టెయ్యండి. వాదన వద్దు, ఏడుపు వద్దు. ముఖ్యంగా, ఫలానా తేదీకి కడతానని కట్టలేని మాట ఇవ్వవద్దు. తప్పిన వాయిదా ప్రతిదీ మరునాటి ఫోనుకు కారణమవుతుంది.

రెండవది, ఒక నోటు పుస్తకం పెట్టండి. తేదీ, సమయం, నంబరు, ఏమన్నారు అన్నవి రాయండి. సందేశాలు తుడిచెయ్యకండి. మేము బ్యాంకులో నేర్చుకున్న పాఠం ఒకటుంది: పుస్తకంలో ఎక్కనిది జరిగినట్టు కాదు. “రోజూ సతాయిస్తున్నారు” అంటే ఎవరూ వినరు. “ఈ నెల 4న పదకొండుసార్లు, అందులో రెండు రాత్రి 7 తరువాత” అంటే పై అధికారి కుర్చీలో సరిగ్గా కూర్చుంటాడు.

మూడవది, అప్పిచ్చిన సంస్థకే ఉత్తరం రాయండి, ఏజెన్సీకి కాదు. ప్రతి బ్యాంకుకూ, ఫైనాన్స్ కంపెనీకీ ఫిర్యాదులు చూసే అధికారి ఉంటారు. మా రైలు మిత్రుడి చేత రాయించిన ఉత్తరంలో నాలుగు విషయాలే ఉన్నాయి. అప్పు ఒప్పుకుంటున్నాను. వైద్యం వల్ల, పని తగ్గడం వల్ల రెండు కంతులు తప్పాయి, కాగితాలు జతచేశాను. నెలకు ఇంత కట్టగలను, గడువు పెంచండి. ఫలానా తేదీల్లో మీ ఏజెంటు నా భార్యకూ, నా మేస్త్రీకీ ఫోను చేశాడు, అది ఆపండి. ఈమెయిలులో ఒకటి, స్పీడ్ పోస్టులో ఒకటి పంపి రసీదు దాచుకున్నారు.

నాలుగవది, కట్టేది ఎంతైనా సరే, అప్పిచ్చిన సంస్థ ఖాతాకే కట్టండి. ఏజెంటు తన సొంత నంబరుకు పంపమంటే పంపవద్దు. అలా పంపిన సొమ్ము మీ పద్దులో జమ కాకపోతే మొదటికే మోసం.

ఐదవది, 30 రోజుల్లో సమాధానం రాకపోయినా, వచ్చినది సరిగా లేకపోయినా రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చెయ్యవచ్చు. ఖర్చు లేదు, లాయరు అక్కరలేదు. 14448 నంబరుకు ఫోను చేస్తే దారి చెబుతారు. కానీ ముందు సంస్థకు రాసి ఉండాలి. అది లేకుండా పోతే తిప్పి పంపుతారు.

మా మిత్రుడికి ఏమైందంటారా? భార్యకూ, మేస్త్రీకీ ఫోన్లు ఆగాయి. కొంత ఉత్తర ప్రత్యుత్తరం జరిగాక మిగిలిన సుమారు 1,48,000 రూపాయలను 48 నెలలకు సర్దారు. ఇప్పుడు కంతు 4,350. నెలకు రెండు వేల పైచిలుకు ఊపిరి దొరికింది. అయితే ఇదేమీ ఉచితం కాదు. పాత లెక్కన మిగిలిన 27 కంతులకు సుమారు 1,75,700 కట్టి ఉండేవారు, ఇప్పుడు 2,08,800 కడతారు. ఆ 33,000 రూపాయలు గడువుకు చెల్లించే ధర. తెలిసి ఒప్పుకున్నారు. సంతకం పెట్టేముందు మీరు కూడా ఈ కూడిక తప్పక వేసుకోండి. తక్కువ మొత్తానికి “సెటిల్‌మెంట్” చేసుకోమని ఏజెంటు చెబితే, ఉత్తరం చేతికి వచ్చాకే కట్టండి. సిబిల్ రికార్డులో ఆ మాట ఉండిపోయి రేపు ఇంటి అప్పుకు అడ్డం రావచ్చన్నది కూడా గుర్తుంచుకోండి.

“పోలీసులు వస్తారు” అనే బెదిరింపు గురించి ఒక మాట. కంతు కట్టలేకపోయినంత మాత్రాన ఎవరినీ అరెస్టు చెయ్యరు, అది సివిల్ వ్యవహారం. కానీ చెక్కు ఇచ్చి అది తిరిగివస్తే 138వ సెక్షను కింద కేసు కావచ్చు. ఖాతా నుంచి నెలనెలా తీసుకునే ఏర్పాటు తిరిగివచ్చినా అలాంటి చట్టమే ఉంది. కోర్టు నోటీసు వస్తే నిర్లక్ష్యం చెయ్యకుండా లాయరు దగ్గరకు వెళ్ళండి. అప్పు తీసుకున్నవారు పోతే వారసులు బాధ్యులయ్యేది వారికి వచ్చిన ఆస్తి మేరకే. హామీ సంతకం పెట్టినవారి సంగతి వేరు, వారు పూర్తిగా బాధ్యులే.

యాప్ అప్పుల మాట విడిగా చెప్పాలి. 2020 డిసెంబరులో హైదరాబాదులోనూ, తెలంగాణలో ఇతర చోట్లా ఈ యాప్‌ల వేధింపులు భరించలేక కొందరు ప్రాణాలే తీసుకున్నారు. ఫోనులోని పేర్లూ నంబర్లన్నీ లాగి, బంధువులందరికీ సందేశాలు పంపడం వాళ్ళ పద్ధతి. 2022 సెప్టెంబరులో రిజర్వ్ బ్యాంక్ రూళ్ళు పెట్టింది. అప్పు యాప్ మీ కాంటాక్టులు, ఫొటోలు, కాల్ జాబితా చూడకూడదు. అడిగిందంటే అక్కడే ఆగిపోండి. ఇప్పటికే చిక్కుకున్నవారు 1930కి ఫోను చేసి సైబర్ పోలీసులకు చెప్పాలి. మన కర్ణాటకలో 2025 ఫిబ్రవరి 12న చిన్న అప్పుల బలవంతపు వసూళ్ళమీద ఆర్డినెన్సు వచ్చింది, తరువాత చట్టమైంది. అందులో శిక్ష 10 సంవత్సరాల వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా. మనసు మరీ కుంగిపోతే 14416కు ఫోను చేస్తే మాట్లాడే మనిషి ఉంటారు. అందులో నామోషీ ఏమీ లేదు.

మన పత్రిక చదివే కుటుంబాల్లో పిల్లలు అమెరికాలో ఉన్నవారు చాలామంది. అక్కడ కథ తలకిందులు. వైద్యం ముందు, బిల్లు తరువాత. కట్టకపోతే ఆసుపత్రివారు దాన్ని వసూలు ఏజెన్సీకి ఇస్తారు. కొడుకు దగ్గర ఆరు నెలలుండి వచ్చిన తల్లిదండ్రుల బిల్లుకు కొడుక్కు ఫోన్లు వస్తుంటాయి. అక్కడ ఇందుకు 1977 నుంచే ప్రత్యేక చట్టముంది. ఉదయం 8కి ముందు, రాత్రి 9 తరువాత చెయ్యకూడదు. 2021 నవంబరు నుంచి ఉన్న నియమం ప్రకారం ఒక బాకీకి ఏడు రోజుల్లో ఏడుసార్లకు మించి చేస్తే తప్పుగానే ఎంచుతారు. ఏజెన్సీ బాకీ వివరాలు రాతలో ఇవ్వాలి. అవి అందాక 30 రోజుల్లోపు రాతలో ప్రశ్నిస్తే, రుజువు పంపేవరకు వసూలు ఆపాలి. ఇక ఫోను చెయ్యవద్దని ఉత్తరం రాస్తే మానాలి, అయితే బాకీ మాత్రం పోదు, కోర్టుకు వెళ్ళవచ్చు. పెద్దవాళ్ళ బిల్లుకు పిల్లలు సంతకం పెట్టి పూచీ పడితే తప్ప సాధారణంగా బాధ్యులు కారు. కొన్ని రాష్ట్రాల చట్టాలు వేరుగా ఉంటాయి కనుక కనుక్కోవాలి. లాభాపేక్ష లేని ఆసుపత్రులకు బిల్లు తగ్గించే సహాయ పథకం ఉండి తీరాలి. మొదటి బిల్లు తేదీ నుంచి 240 రోజుల వరకు దరఖాస్తు తీసుకుంటారు. ఇన్సూరెన్సు ఎంత ఇచ్చింది, విడివిడి లెక్కల బిల్లు ఏది అని అడగకుండా ఒక్క డాలరు కూడా కట్టవద్దని పిల్లలకు చెప్పండి.

అసలు అప్పే పడకుండా చూసుకునే దారి కూడా ఉంది. 2018లో మొదలైన ఆయుష్మాన్ భారత్ – ఆరోగ్య కర్ణాటక కింద బి.పి.ఎల్. కుటుంబానికి ఏడాదికి 5 లక్షల వరకు, ఎ.పి.ఎల్. వారికి ప్యాకేజీలో 30 శాతం, ఏడాదికి లక్షన్నర వరకు సహాయం ఉంది. అత్యవసరం కాని వైద్యానికి ప్రయివేటు ఆసుపత్రికి పోవాలంటే ముందు ప్రభుత్వ ఆసుపత్రి సిఫారసు కాగితం కావాలి. చాలామంది దీన్ని దాటిపోయి నేరుగా చేరి, తరువాత బాధపడతారు. మన రాష్ట్రంలో 2017 చట్ట సవరణ ప్రకారం మనిషి పోయినప్పుడు బాకీ పేరుతో శవాన్ని ఆపకూడదు. ప్రయివేటు ఆసుపత్రుల మీద ఫిర్యాదుకు జిల్లాలో డిప్యూటీ కమిషనరు అధ్యక్షతన సంఘం ఉంది.

ఇంతవరకు అప్పు తీసుకున్నవారికి చెప్పాను. చివరి మాట తీసుకోనివారికి. ఏదో ఒకరోజు మీకే ఒక ఫోను రావచ్చు: “ఫలానావారు మీకు తెలుసా? మాకు డబ్బు ఎగ్గొట్టారు, కాస్త చెప్పండి” అని. అప్పుడు మీరు అనవలసినది ఒక్కటే. “ఆయన బాకీ సంగతి నాకు చెప్పే హక్కు మీకు లేదు. మీ పేరూ, కంపెనీ పేరూ చెప్పండి, రాసుకుంటాను.” తరువాత ఆ సంగతి ఇంట్లోవాళ్ళతో గానీ, గుడి మెట్లమీద గానీ, పెళ్ళి భోజనాల దగ్గర గానీ అనకండి. ఆయనకు ఒక్కరికే చెప్పి, రాసుకున్న కాగితం ఆయన చేతికివ్వండి, ఫిర్యాదుకు పనికొస్తుంది. వసూలు ఏజెంటుకు ఆయన పరువు తీసే శక్తి సొంతంగా లేదు. ఆ పని మన నోళ్ళతో చేయించుకోవాలని చూస్తాడు. మనం నోరు మెదపకపోతే వాడి చేతిలో ఒట్టి ఫోను మిగులుతుంది.

వచ్చే సంచికలో ఆరోగ్య బీమా పాలసీలో చిన్న అక్షరాలతో రాసి ఉండే షరతుల గురించి. అంతవరకు సెలవు.